నల్లోని పని ఖలాస్

జంతువుల క్లినిక్కులో పనిచేశానంటే ఇప్పటి పిల్లలు నన్ను డాక్టరమ్మ అనుకుంటారు. కాదు నాయనా. నేను కౌంటరు దగ్గర కూర్చుని బిల్లులు రాసినదాన్ని. వనపర్తిలో బస్టాండుకు కాస్త ఎడంగా ఉండేది మా క్లినిక్కు. ప్రైవేటుది. ముందొక హాలు, లోపల డాక్టరు గది, వెనక రేకుల వార్డు. హాల్లో ఒక చెక్క కౌంటరు, దాని వెనక నేను. చేరిన కొత్తలో కుక్క దగ్గితే నేను కుర్చీ ఎక్కేదాన్ని. రిటైరయ్యేనాటికి కుక్కలే నయం, మనుషులతోనే తంటా అనే స్థితికి వచ్చాను.

ఈమధ్య మా అక్క మనవరాలు హైదరాబాదులో ఒక పెద్ద పెట్ క్లినిక్కులో చేరింది. రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండానే ఫోను చేసి ఒకటే ఏడుపు. "అమ్మమ్మా, బిల్లు కాడ అందరు నా మీదనే ఒర్లుతున్నరు. నేనేం చేసిన?" అంది. ఆ పిల్లకు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. అలాంటి కుర్చీల్లో కూర్చున్న పిల్లలు ఇంకా ఉంటారు కదా, వాళ్ళకు పనికొస్తుంది. మనుషుల పేర్లు రాయను. కుక్క పేరు మాత్రం రాస్తాను. అది అభ్యంతరం చెప్పదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొద్ది ఏళ్ళే అయింది. పట్నంలో సెల్‌ఫోన్లు కనబడుతున్నాయి గానీ ఊళ్ళలో ఇంకా ఎవరికి కబురు చెప్పాలన్నా ఎస్టీడీ బూతే గతి.

మా డాక్టరు చేతికి మంచివాడు, నోటికి పిసినారి. సూది పట్టుకుంటే ఎంత ఓపిక ఉండేదో, ఎదురుగా మనిషి నిలబడితే అంత చిరాకు పడేవాడు. మేకకు చెప్పినన్ని ముద్దుమాటల్లో ఒక్కటి కూడా మేకను తెచ్చినవాళ్ళకు చెప్పేవాడు కాదు. ఆయన పెట్టిన కట్టడి ఒకటుండేది, ముందు బిల్లు, తర్వాత మాట. కౌంటరు దగ్గర డబ్బు కట్టినవాళ్ళనే నేను లోపలికి పంపాలి. ఆయన్ని అనడానికి లేదు. అంతకుముందు గొర్రెలకు బాగు చేయించుకుని, గొర్రెలతో సహా వెనక తలుపు నుంచి మాయమైన ఆసాములు ఉన్నారు. చెప్పకూడదు గానీ, ఆ కట్టడి అమలు చేయడం నాకు చాలా బాగా వచ్చింది. నాకు మొదటినుంచీ ముక్కు మీదే కోపం. కౌంటరు దొరికేసరికి దానికి ఒక కుర్చీ కూడా దొరికినట్టయింది.

ఇక మా అటెండరు. గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దు పల్లెవాడు. సగం తెలుగు, సగం ఉర్దూ, మధ్యమధ్య కన్నడం. ఎంత రంకెలు వేసే ఎద్దైనా అతని చెయ్యి మూపురం మీద పడితే నిమ్మళించేది. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. అతని దగ్గర ఒకే ఒక్క చిక్కు. ఏ పని అయిపోయినా అతని నోట ఒకటే మాట వచ్చేది. ఖలాస్. గేదె ఈనితే "బర్రె పని ఖలాస్ సార్." కుక్కకు కట్టు కడితే "కుక్క పని ఖలాస్." ఒకరోజు మా చుట్టాలావిడ నన్ను వెతుక్కుంటూ క్లినిక్కుకు వస్తే, నేను లోపల అన్నం తిని చేతులు కడుక్కుంటున్నాను. ఇతను బయటికి పోయి "అక్క పని ఖలాస్, గిప్పుడె అయింది" అన్నాడు. ఆవిడ గుమ్మంలోనే కూలబడబోయింది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పుడైనా బుద్ధి రావాలి కదా మాకు. రాలేదు. రోజూ విని విని ఆ మాట మా చెవులకు ఆనడమే మానేసింది.

యాసంగి పల్లి చేలు కాయ పట్టే రోజుల్లో, ఒక పొద్దున మేము తలుపులు తీస్తుండగానే గోపాల్‌పేట వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక ఆడమనిషి దిగింది. నలభై ఏళ్ళుంటాయి. చీరంతా రక్తం. "అయ్యో, ఏమైందమ్మా" అని నేను లేచే లోపలే, ఆమె ఆటో డ్రైవరుతో కలిసి ఒక గోనె పట్టాను రెండు వైపులా పట్టుకుని లోపలికి వచ్చింది. పట్టాలో ఒక నల్లటి ఊరకుక్క. పొట్ట పక్క నుంచి తొడ దాకా చీలిపోయి ఉంది.

"అడివిపంది కొట్టింది సారు" అంది డాక్టరుతో. "నేను మంచె దిగిన. పంది నా మీదికే ఉరికొచ్చింది. గీ నల్లోడు నడుమల దూరిండు. లేకుంటె గీ పట్టాల నేనుందును."

డాక్టరు ఒక్క ముక్క మాట్లాడకుండా కుక్కను బల్ల మీద పడుకోబెట్టించుకుని తలుపు వేసుకున్నాడు.

ఆమె తలుపు బయట నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ పొద్దంతా కాస్త కాస్తగా ఆమె సంగతులు తెలిశాయి. భర్త కూలిపనికి బొంబాయి పోయాడు. ఇంత భూమి కౌలుకు పట్టి, అప్పు తెచ్చి పల్లి వేసింది. రాత్రుళ్ళు ఒక్కతే మంచె మీద కాపలా. మంచె కింద నల్లోడు. వాడు మొరిగితేనే ఆమెకు మెలకువ. వాడుంటేనే ఆమెకు నిద్ర. వాడు లేకపోతే ఒంటరి ఆడమనిషి చేలో పడుకోలేదు, పడుకోకపోతే పందులు పంట ఉంచవు. ఇవన్నీ ఆమె నాతో చెప్పుకోలేదు. ఎవరికో చెప్పుకున్నట్టు తలుపుకు చెప్పుకుంది.

మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఆమె పక్క నుంచే వెళ్ళిపోయాడు.

"సారు, బతుకుతదా?" అంది ఆమె వెనకాలే పోతూ.

"కౌంటర్ల అడుగు" అన్నాడు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, బతుకుతదా నల్లోడు?"

"గది సారు చెప్తరు. నువ్వైతె ముందు గిది చూడు" అని నేను బిల్లు ముందుకు జరిపాను.

ఆమె ఆ కాగితాన్ని, నన్ను, లోపలి తలుపును మార్చి మార్చి చూసింది. "సారు నిన్ను అడగమన్నడు. నువ్వు సారును అడగమంటున్నవు. నడుమల గీ కాయిదమొకటి. బతుకుతదో లేదో గీ కాయిదంల రాసిన్రా?"

"గది బిల్లు. మందులయి, దూదివి, కుట్లయి."

"దూదిక్కూడ పైసలా?"

"మరి దూది మా చేన్ల పండుతదా?" అన్నాను నేను. ఎంత గొప్పగా జవాబు చెప్పాననుకున్నానో. ఆమె కాసేపు నా మొహం చూసి, కొంగు ముడి విప్పి కొంత కట్టింది. మిగతాది తర్వాత ఇస్తానంది. కుక్కను కొన్నాళ్ళు వార్డులోనే ఉంచాలని, ముట్టుకుంటే కుట్లు తెగుతాయి కాబట్టి చూడడానికి వీల్లేదని అటెండరు చెప్పాడు. ఆమె ఊళ్ళో బూతు నంబరు రాసిచ్చి వెళ్ళిపోయింది.

మూడు రోజులకు మళ్ళీ వచ్చింది. చేతిలో బట్టలో చుట్టిన జొన్నరొట్టె. వార్డులోకి పోనివ్వలేదని కౌంటరు దగ్గరకు వచ్చింది. అప్పటికి కొత్త మందుల బిల్లు తయారుగా ఉంది. నేను కుక్క ఎలా ఉందో చెప్పలేదు, కాగితమే చూపించాను. కట్టడి అది. నాకు తెలియకా కాదు. పొద్దునే అటెండరు వచ్చి, కుక్క కళ్ళు తెరిచి చూస్తోందని చెప్పాడు కూడా.

"నీ పేరేంది?" అంది ఆమె ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"ఏం లేదు. నేనెప్పుడొచ్చినా నీ చేతుల బిల్లే ఉంటది. నీకు బిల్లమ్మ అని పేరు పెడ్త. మీ దవాఖానల కుక్క కంటె ముందు కాయిదం కనబడుతది."

హాల్లో కూర్చున్నవాళ్ళు ఫక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "కాయిదం లేకుంటె మందులెట్ల వస్తయి? ఊకె ఇయ్యనీకి గిదేమన్న సర్కారు దవాఖానానా?" అని గట్టిగానే అన్నాను. ఆమె కూడా తగ్గలేదు. దూది దగ్గర మొదలుపెట్టి సూది దాకా ఒక్కో వరుసా చదివించి, ఒక్కోదానికీ నాతో పేచీ పెట్టుకుని, చివరికి కొంత కట్టి, రొట్టె కౌంటరు మీద పెట్టి పోయింది. ఆ రొట్టెను అటెండరు నల్లోడికి పెట్టాడు. ఆ రోజు నుంచి క్లినిక్కులో నా పేరు బిల్లమ్మ. డాక్టరు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచాడు.

ఇక అసలు రోజు. అంతకుముందు సాయంత్రం డాక్టరు కుక్కను చూసి, గాయం మానుతోందని, ఇంటికి పంపవచ్చని అన్నాడు. నేను చేతినిండా పనిలో ఉన్నాను. "తమ్మీ, జర బూతుకు ఫోన్ కొట్టి చెప్పరాదు" అన్నాను. అటెండరు నా ముందే నిలబడి ఫోను చేశాడు. "ఆఁ భాయ్, వనపర్తి కుక్కల దవాఖానకెళ్ళి. గా నల్లోని పని ఖలాస్ అయిందని ఆమెకు చెప్పు. పొద్దుగాల వచ్చి తీస్కపొమ్మను" అన్నాడు. నా చెవులతో నేను విన్నాను. విని, నా లెక్కలు నేను చూసుకున్నాను.

మర్నాడు ఆమె వచ్చింది. ఈసారి వెంట ఆ బూతు ఆయన కూడా ఉన్నాడు. అరవై దగ్గర పడిన ముస్లిం పెద్దమనిషి, తెల్ల గడ్డం, తల మీద టోపీ. ఊళ్ళో కిరాణా దుకాణం, దాంట్లోనే ఫోను. చేతిలో ఒక సంచి. ఇద్దరూ లోపలికి వచ్చి నిలబడ్డారు. ఆమె తల దువ్వుకోలేదు. ఎప్పుడూ గుమ్మం దాటకముందే మొదలయ్యే గొంతు ఆ రోజు లేదు.

నేను యథాప్రకారం కాగితం తీశాను. "అంత అయిపోయింది. గిదే ఆఖరు బిల్లు. గిది కట్టి తీస్కపో" అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పి, అందులో ఉన్నదంతా కౌంటరు మీద పెట్టింది.

"సరిగ్గ ఉన్నయో లేవో చూడు" అన్నాను.

"నువ్వే చూస్కో బిల్లమ్మా" అంది. కాగితం వైపు కూడా చూడలేదు.

నిజం చెప్తున్నాను, నాకు లోపల ఎంత సంతోషమైందో. దారికి వచ్చింది, మర్యాద నేర్చుకుంది అనుకున్నాను. డబ్బు డ్రాయర్లో వేసి రసీదు రాస్తుంటే, ఆమె మెల్లగా అడిగింది. "ఏ తలుపుకెళ్ళి తీస్కపోవాలె? ముంగటికెళ్ళా, ఎన్కకెళ్ళా?"

"ముంగటికెళ్ళే. దానికేంది?"

"మంది కూసున్నరు గద. వాళ్ళ జీవాలు గిట్ల బతకాలని వచ్చిన్రు. వాళ్ళ నడుమలకెళ్ళి తీస్కపోతె మంచిగుండదు. బట్ట తెచ్చిన, కప్పుత."

"బట్టెందుకు, ఎండకా?" అన్నాను, తల ఎత్తకుండానే.

కౌంటరు మీద ఏదో బరువు పెట్టిన చప్పుడైంది. తల ఎత్తాను. ఆ పెద్దమనిషి సంచి కౌంటరు అంచున పెట్టాడు. మూతి తెరుచుకుని ఉంది. లోపల ఒక కొత్త తెల్లగుడ్డ, పసుపు పొట్లం, దాని కింద రాళ్ళ ఉప్పు. కనీసం నెల రోజులకు సరిపడా ఉప్పు.

"గింత ఉప్పెందుకు భాయ్?"

"గుంతల పొయ్యనీకి మేడం. నా దుకాన్లదే" అన్నాడాయన. "పొద్దుగాలనే చేను గట్టు మీద గుంత తవ్విచ్చి వచ్చినం."

"ఏం గుంత?"

ఆయన ఆమె వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిన్న పొద్దుగూకినంక ఫోన్ వచ్చింది గద మేడం. నాకు చెప్పనీకి నోరు రాలే. తెల్లారినంక దుకాణం బంద్ చేసి చేను కాడికి పోయి చెప్పిన."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ పెన్ను ఆగిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె డబ్బు లెక్కపెట్టకపోవడం, వెనక తలుపు అడగడం, ఆ బట్ట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. దూది కోసం నాతో పోట్లాడిన మనిషి, చచ్చిందనుకున్న కుక్క కోసం అడిగినంతా ఇచ్చేసింది.

నా గొంతు నాకే తెలియనంత గట్టిగా లేచింది. "ఓ తమ్మీ, నిన్న ఫోన్ల ఏం చెప్పి సచ్చినవ్ రా?"

వెనక నుంచి అటెండరు గొంతు నింపాదిగా వచ్చింది. "నల్లోని పని ఖలాస్, తీస్కపొమ్మన్న. ఏమైందక్కా?"

నా కేకకో, అతని గొంతుకో, వెనక రేకుల వార్డులోంచి కుక్క మొరిగింది. ఆగి, మళ్ళీ మొరిగింది.

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది. "గది ఎవరి కుక్క?"

"నీదే అక్కా" అన్నాను. అన్ని రోజుల్లో ఆమెను అక్కా అనడం అదే మొదలు. "బతికే ఉంది. పని అంటె మందుల పని. మందులు అయిపోయినయ్ అని చెప్పిండు మొద్దుమొఖపోడు."

ఆమె నమ్మలేదు. నమ్మించే పనిని నల్లోడే చూసుకున్నాడు. అటెండరు చేతిలోని తాడును లాక్కుంటూ, కుంటుకుంటూ, మెడ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ డొప్పను గోడకూ బెంచీకీ కొట్టుకుంటూ హాల్లోకి వచ్చాడు. కుట్లను నాకకుండా మెడకు వేసే డొప్ప అది. ఆమె ఉన్నచోటే నేల మీద కూలబడింది. కుక్క ఆమె ఒళ్ళోకి దూరబోతే డొప్ప అడ్డం వచ్చింది. డొప్పతోనే ఆమె గడ్డానికి గుద్దాడు.

"సావలేదురా నువ్వు?" అంది ఆమె దాని చెవులు పట్టుకుని. "నీకోసం పొద్దుగాల్నుంచి ఏడ్సి ఏడ్సి నా కండ్లు పోయినయ్ గదరా. సావలేదు మరి ముందుగాల చెప్పొద్దా?" అని దాన్నే తిట్టింది. తిడుతూ తిడుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ భాయ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, గోడ వైపు తిరిగాడు. మేకలను పట్టుకుని కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. డాక్టరు చేతి తొడుగులతోనే బయటికి వచ్చి చూస్తున్నాడు. నాకైతే ఆ నిమిషంలో అటెండరును కొట్టాలో, ఆమె కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు.

కొంతసేపటికి ఆమె లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

"బిల్లమ్మా, నా పైసలు నాకియ్యి."

"ఆఁ?"

"సచ్చిందనుకోని కట్టిన గవి. సచ్చినదాని మీద ఏం బేరం చేస్త అని కండ్లు మూసుకోని ఇచ్చిన. బతికున్నదానికి గట్లెందుకిస్త? మొత్తం చదువు. లెక్క చూసుకోనే కడ్త."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే డ్రాయరు తీసి మొత్తం ఆమె చేతిలో పెట్టాను. ఆమె కౌంటరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. నల్లోడు ఆమె కాళ్ళ దగ్గర. నేను ఒక్కో వరుసా తెలుగులో చదివాను. అదివరకూ ఎవరికీ అలా చదివింది లేదు. బిల్లంతా ఇంగ్లీషులో ఉండేది, అడిగినదానికే విసుక్కుంటూ చెప్పేదాన్ని.

"గిదేంది?"

"తిండి. ప్యాకెట్ల మేత."

అటెండరు గొంతు సవరించుకున్నాడు. "అది ప్యాకెట్ మేత మూతి పెట్టలే అక్కా. నా డబ్బల రొట్టె తిన్నది."

"గట్లయితె కొట్టెయ్యి" అంది ఆమె. "గాయన రొట్టెకు గాయనకు నేను వేరే ఇస్త. గిదేంది?"

"మెడ డొప్ప."

ఆమె వంగి నల్లోడి మెడ చుట్టూ ఉన్న డొప్పను తిప్పి చూసింది. దాని ఒక పక్కన కంపెనీ ముద్ర సగం కనబడుతోంది, ఇంకో పక్క పిడి తగిలించే చెవి. "గిది బకిట గద" అంది. నిజమే. డొప్పలు తెప్పిస్తే ఆలస్యమవుతుందని అటెండరు పగిలిపోయిన బకెట్టు కోసి చేశాడు. బిల్లులో మాత్రం డొప్ప ధరే పడింది. "పగిలిన బకిటకు గింత రేటా బిల్లమ్మా? గింతకు నాకు రెండు కొత్తయి వస్తుండె."

నేను డాక్టరు వైపు చూశాను. ఆయన అప్పటిదాకా తలుపుకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఆయన పెదాలు కదలడం చూసి తిడతాడేమో అనుకున్నాను. "కొట్టెయ్" అన్నాడు. ఆయన నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఆమె వేలు కిందికి జరిగింది. "మరి గిది?"

"ఆపరేషన్. కుట్లు."

ఆమె ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకుంది. నేను మళ్ళీ పేచీకి సిద్ధమై కుర్చీలో సర్దుకున్నాను.

"గిది తక్కువేసిన్రు" అంది.

"ఏంది?"

"తక్కువేసిన్రు అంటున్న. పొద్దుగాల్నుంచి పగటాల దాంక సారు నిలబడె ఉన్నడు. నేను తలుపు సందులకెళ్ళి చూసిన. ఒక్కసారి కూసోలే, నీళ్ళు తాగలే. దూదికి గంత, బకిటకు గింత రాసి, గా చేతులకు గింతేనా రాసేది?"

డాక్టరు ఏదో అనబోయి, అనకుండా లోపలికి పోయాడు. మాటలు రాని మనిషికి అంతకంటే ఏం వస్తుంది. నేను ఆ అంకెను మార్చలేదు, మార్చే హక్కు నాకు లేదు. కొట్టేసినవి పోగా మిగిలింది ఆమె ఒక్కో నోటూ విప్పి, సాపుచేసి, కట్టింది. రొట్టె పేరుతో అటెండరు జేబులో ఏదో పెట్టబోతే అతను చేతులు వెనక్కి పెట్టుకుని హాలంతా పరిగెత్తాడు.

పోయేముందు భాయ్ సంచి తీసుకోబోతే ఆమె ఆపింది. "ఉప్పు ఒద్దు భాయ్. గుంత కోసం తెచ్చిన ఉప్పు మళ్ల ఇంటికి తీస్కపోవద్దు."

"మరి తవ్విన గుంత?"

"పూడ్పిద్దాం తీ. గుంతదేముంది."

అలా ఆ ఉప్పు మా దగ్గరే ఉండిపోయింది. పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. మర్నాడు అటెండరు అందులోంచి ఒక పిడికెడు తీసి, వేడినీళ్ళలో వేసి, పుండు పడిన ఒక మేక గిట్టను కడిగాడు. అప్పటినుంచి ఆ ఉప్పు దానికే పనికొచ్చింది. ఒక గాజు సీసాలో పోసి వార్డు కిటికీలో పెట్టాం.

ఆ రోజు సాయంత్రం డాక్టరు ఇంటికి పోతూ కౌంటరు దగ్గర ఆగాడు. "ఇగ మీదట ముందు మాట, తర్వాత బిల్లు" అన్నాడు. అంతే అన్నాడు. కానీ మర్నాటి నుంచి ప్రతి జంతువునూ చూశాక తనే బయటికి వచ్చి, తెచ్చినవాళ్ళతో రెండు ముక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ రెండు ముక్కలకే చెమటలు పట్టేవి ఆయనకు. పోను పోను అలవాటైంది. బిల్లులు తెలుగులో రాయడం నేను నేర్చుకున్నాను. దానివల్ల లోకమంతా మారిపోయిందని చెప్పను. అరిచేవాళ్ళు అరిచారు, ఎగ్గొట్టేవాళ్ళు ఎగ్గొట్టారు. కానీ కౌంటరు అవతల నిలబడ్డ మనిషి అరుస్తున్నప్పుడు, అరుపు కాగితం మీద కాదని, లోపల బల్ల మీద పడుకున్న దాని మీద బెంగ అని నాకు వినబడడం మొదలైంది.

ఇక ఖలాస్ అనే మాటను మా క్లినిక్కులో నిషేధించాం. అన్నప్పుడల్లా అందరికీ చాయ్ తాపించాలని అటెండరుకు జరిమానా. పాపం, వారం రోజులు చాయ్‌లు తాపించి, ఆ మాట మానేశాడు. మానేసి "ఆయ్తు" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు డాక్టరు, "ఆయ్తు అంటే ఏందిరా?" అని అడిగితే, "కన్నడంల అయిపోయింది అని సార్" అన్నాడు. డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. ఇక ఫోను పని అతనికి ఇవ్వడం మానేసి నేనే చేసేదాన్ని. ఎవరు ఎత్తినా, హలో కంటే ముందు నా నోట వచ్చే మాట "బతికే ఉంది." ఇప్పటికీ ఇంట్లో ఎవరికి ఫోను చేసినా "అందరం మంచిగున్నం" అని చెప్పాకే మిగతా సంగతి. మా వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఆమె కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. పంట వచ్చాక పల్లికాయ తెచ్చింది. తెచ్చి, "గిదానికి బిల్లు లేదు, భయపడకు బిల్లమ్మా" అని అందరి ముందూ అంది. పందుల నుంచి పంట దక్కిందని, నల్లోడు ఇప్పుడు కుంటుతూనే తరుముతున్నాడని చెప్పింది. తర్వాత ప్రతి ఏడూ ఏదో ఒక సాకుతో వచ్చేది. నల్లోడికి సూది వేయించేది, నాతో కాసేపు పేచీ పెట్టుకునేది, పోయేది. ఆమె పేచీ పెట్టుకోకుండా పోతే నాకు ఆ రోజంతా ఏదో వెలితిగా ఉండేది. నాకు ఉద్యోగం ఇచ్చింది డాక్టరు. కానీ ఆ ఉద్యోగం ఎలా చెయ్యాలో చెప్పింది మాత్రం ఆమె. ఇన్నేళ్ళయినా ఆమెను తలుచుకోని వారం లేదు.

నేను రిటైరవడానికి ముందు ఏడాది అనుకుంటాను. అప్పటికి ఊళ్ళలోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. ఒక పొద్దున కౌంటరు ఫోను మోగింది.

"బిల్లమ్మా, నేను."

"చెప్పక్కా. నల్లోడు ఎట్లున్నడు?"

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత అంది. "గీసారి నిజంగనే ఖలాస్."

నేను రాస్తున్న బిల్లును పక్కకు జరిపాను.

"ముసలోడయ్యిండు గద. మంచె కింద పన్నడు, లేవలే. గా పాత గుంత కాడనే తవ్విపిచ్చిన. భాయ్ దుకాన్లకెళ్ళి ఉప్పు తెచ్చిండు. తెస్తుంటె నాడు మీ కాడ ఇడ్సిపెట్టిన ఉప్పు యాదికొచ్చింది. ఉన్నదా గది?"

"లేదక్కా. ఎప్పుడో అయిపోయింది. దాంతోని పుండ్లు కడిగినం."

"ఎవరియి?"

"శానా. మేకలయి, కుక్కలయి, ఒక గాడిదది."

"బతికినయా?"

"శానా మట్టుకు బతికినయ్."

"బిల్లుల ఉప్పు రాసినవా?"

"లేదక్కా. దానికొక్కదానికి ఎన్నడు రాయలే."

"రాసుంటె గిప్పుడె బస్సెక్కి వచ్చి కొట్లాడుదును" అంది. అని, చాలాసేపు ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు.